బాపు చొక్కా మీది పొడి

పాతబస్తీలో జహనుమా మలుపు దగ్గర మనుషులతో కిక్కిరిసిన ఆటో ఒక్కసారిగా ఆగినప్పుడు లేచే కాలిన బ్రేకు వాసన ముక్కుకు తగిలితే చాలు, కూరగాయల సంచి పట్టుకుని రోడ్డు పక్కన అలాగే నిలబడిపోతాను. అందరూ ముక్కు మూసుకునే ఆ వాసన, చిన్నప్పుడు నాకు సాయంత్రం ఇంటికి వచ్చే బాపు వాసన.

బాపు అఫ్జల్‌గంజ్‌లో ఒక దుకాణంలో లారీల బ్రేకు లైనర్లు మార్చేవాడు. అరిగినవి ఊడదీసి, కొత్తవి ఆకురాయితో రాకి బిగించి, చక్రంలో పేరుకున్న పొడిని గాలి పైపుతో ఊదేవాడు. సైకిలు దిగేసరికి తల, మీసాలు, కనురెప్పలు అన్నీ బూడిద రంగే. "ముసలాయన వచ్చిండే!" అని నేను కేక పెడితే నవ్వుతూ ఎత్తుకునేవాడు. బడిలో కొత్తగా నేర్చుకున్న నా పేరును ఆయన వీపు మీది ఆ పొడిలో వేలితో రాసేదాన్ని.

ఆ పొడి ఇంట్లోకి రావడం అమ్మకు గిట్టేది కాదు. వాకిట్లోనే బట్టలు మార్పించి, చొక్కా ఒక కొస నాకిచ్చి, రెండో కొస తను పట్టుకుని ఫటఫటా దులిపేది. ఏటవాలు ఎండలో పొడి మెరుస్తూ మా మీదికే దిగేది. "కండ్లు మూసుకో బిడ్డా" అనేది అమ్మ. ముక్కూ నోరూ మూసుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సద్దుల బతుకమ్మ నాడు కూడా గునుగు, తంగేడు పూల మీద తడిగుడ్డ కప్పి, ముందు బాపు బట్టలు దులిపాకే రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు కట్టడానికి కూర్చునేది. రంజాన్ పండుగకు బాపుతో పనిచేసే యూసుఫ్ భాయ్ షీర్ ఖుర్మా గిన్నె తెచ్చి, అదే వాకిట్లో అలవాటుగా తన చొక్కా కూడా దులుపుకుని గడప ఎక్కేవాడు.

నా పిల్లలు కాలేజీకి వచ్చిన ఏడు అమ్మకు ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తులను చుట్టి ఉండే పొరకు క్యాన్సర్ అన్నారు. బీడీ ముట్టని మనిషికి ఎలా వచ్చిందని నేను ఏడుస్తుంటే, డాక్టరమ్మ బాపు వైపు తిరిగి ఏం పని చేసేవారని అడిగింది. చెప్పాడు. "ఆ బట్టలు ఎవరు ఉతికేవారు?" అని అడిగింది. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేదని, కంటికి కనిపించని దాని నూగు లోపలికి పోతే ఎన్నో ఏళ్లకు గానీ బయటపడదని ఆమె నెమ్మదిగా చెబుతుంటే, బాపు తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అమ్మే ఆయన చెయ్యి పట్టుకుంది.

"గట్ల కూసోకు. నువ్వు మా బువ్వ కోసం పోయినవు. గిది ఎవరికెరుక?"

అమ్మ మరో వానాకాలం చూడలేదు.

దినాలయ్యాక ఒక పొద్దున బాపు ఎవరికీ చెప్పకుండా అఫ్జల్‌గంజ్ బయలుదేరితే, ఫికరై నేనూ వెంట వెళ్లాను. ఆ గల్లీలో ఇప్పుడు యూసుఫ్ భాయ్‌కి సొంత దుకాణం ఉంది. ఆయన గాలి పైపు అందుకోగానే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊదకు యూసుఫ్. తడిబట్టతోని తుడువు. బట్టలు ఈడనే మార్చుకొని పో, ఇంటికి తీస్కపోకు."

"ఇప్పటి మాల్‌ల అది లేదంటున్నరు భాయ్."

"లేదని నీకు పక్కా ఎరుకనా?"

"నాకెట్లెరుక?"

"ఆమెకు గూడ ఎరుక లేకుండె" అన్నాడు బాపు.

యూసుఫ్ భాయ్ పైపు కింద పెట్టి, బకెట్ తెచ్చి నీళ్లు పట్టాడు. మిగిలిన దుకాణాలకు కూడా బాపు నెలల తరబడి తిరిగాడు. కొందరు విన్నారు, కొందరు నవ్వారు. రెండు దుకాణాల్లో ఇప్పటికీ గాలితోనే ఊదుతున్నారు.

మా వాకిలి ఇప్పుడు లేదు. ఇంటి యజమానులు అక్కడ మూడంతస్తులు లేపారు. బతుకమ్మ ఆడిన ఆడవాళ్లు తలో దిక్కూ వెళ్లిపోయారు. మలీద నేనూ చేస్తాను, అమ్మ చేతి రుచి రాదు. ఏడాదికోసారి నన్ను ఆసుపత్రికి తీసుకుపోయి ఎక్స్‌రే తీయించడం మాత్రం బాపు మరచిపోడు. నేను లోపలి నుంచి వచ్చేదాకా బెంచీ మీద కూర్చుంటాడు. వచ్చాక నా ముఖంలోకి చూస్తాడంతే.