మేడం ఉప్పు చూడని కూర

ఖైమాలో కొవ్వు కరిగి, దాని మీద టమాటా రసం పడి చుర్రుమన్నాక నలిపిన జీలకర్ర వేస్తే ఒక వాసన లేస్తుంది. మన జీలకర్రే, మన టమాటాలే. అయినా అది మన వంటిళ్ళలో వచ్చే వాసన కాదు. సీతమ్మధారలో మా ఫ్లాటుకి వంటింటి వెనక, బట్టలు ఉతుక్కునే చోట, ఒంటి బర్నరు పొయ్యి ఒకటుంది. ఎప్పుడైనా ఆదివారం పూట దాని మీద నేను ఈ కూర వండుతాను. సన్నగా కొట్టించిన పెద్దకూర, అంటే గొడ్డు మాంసం, గోరంత ముక్కలుగా తరిగిన బంగాళాదుంపలు, ఉల్లి, వెల్లుల్లి, ఒక బిర్యానీ ఆకు. పసుపు ఉండదు, మసాలా అసలే ఉండదు. మెక్సికోలో దీన్ని పికాదియో అంటారు. ఆ దేశం నేను చూడలేదు. ఈ కూర వండడం ఎవరి పక్కన నిలబడి నేర్చుకున్నానో ఆవిడా చూడలేదు. ఆవిడ ఈ కూరని ఒక్కసారైనా నోట్లో పెట్టుకోలేదు కూడా.

ఆవిడ పేరు రాజ్యలక్ష్మి. అందరికీ మేడం. పోర్టు దగ్గర ఒక చిన్న షిప్పింగ్ ఏజెన్సీలో ఓడ సిబ్బంది బాగోగులు చూసే విభాగానికి పెద్ద. ఓడ దిగేవాళ్ళకి, ఎక్కేవాళ్ళకి, మధ్యలో జబ్బుపడి ఊళ్ళో చిక్కుకుపోయినవాళ్ళకి కావలసినవన్నీ చూడడం మా పని. వాళ్ళ నాన్నగారు భీమవరం వైపు నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నాది బొబ్బిలి దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. ద్వారకా నగర్‌లో కోచింగుల చుట్టూ తిరిగి, ఏ పరీక్షా కలిసిరాక, ఆ ఏజెన్సీలో చేరాను. మేడం తీయగా మాట్లాడే మనిషి కాదు. రైల్వే స్టేషన్లో ప్రకటన చదివినట్టు, హెచ్చుతగ్గులు లేకుండా మాట్లాడేవారు. ఎవరైనా కృతజ్ఞతలు చెప్పబోతే వాచీ చూసుకునేవారు.

చేరిన కొత్తలో నన్ను ఒక బొగ్గు ఓడ మీదికి తీసుకెళ్ళారు. గట్టుకీ ఓడకీ మధ్య వేసిన ఏటవాలు నిచ్చెన గాలికి ఊగుతోంది. కింద నల్లటి నీళ్ళు. నేను రెండు మెట్లెక్కి ఆగిపోయాను. మేడం అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పైకి వెళ్తున్నారు. వెనక్కి తిరక్కుండానే, "నీళ్ళు చూడకు అప్పలరాజూ. నా చెప్పులు చూసుకుంటూ రా" అన్నారు. పైకి చేరాక ఆ సంగతి ఎత్తలేదు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. నాకు ఆవిడ మీద గురి కుదిరింది ఆ రోజేనేమో, ఖచ్చితంగా చెప్పలేను.

ఎర్నెస్టో సంగతి ఆ తర్వాత కొన్నేళ్ళకి. అతను ఒక మెక్సికో కుర్రాడు, ఓడ ఇంజను గదిలో పనివాడు. ఓడ మా రేవులో ఉండగా కడుపునొప్పితో పడిపోయాడు. అపెండిక్స్ పగిలిందన్నారు. ఆపరేషన్ చేశారు. ఓడ సరుకు దింపుకుని వెళ్ళిపోయింది, అతను మిగిలాడు. గాయం చీముపట్టి చాలా రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాడు. తర్వాత ద్వారకా నగర్‌లో లాడ్జి గది తీసి ఉంచాం. ఇంగ్లీషు అంతంతమాత్రం, ఫోన్లో తర్జుమా పెట్టుకుని మాట్లాడేవాడు. విదేశీయుడు కదా, కారం తినలేడని అందరూ అతనికి బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు, చప్పటి సూపు పెడుతూ వచ్చారు. అవీ మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మనిషికి కాస్త బలం వస్తేగానీ అంత దూరం విమానం ఎక్కనివ్వనని డాక్టరు తేల్చి చెప్పాడు. తినకపోతే బలం రాదు. ఇంటికి పోతేగానీ తినేలా లేడు.

మా డ్రైవరు యేసుపాదం రోజూ అతనికి టిఫిన్ తీసుకెళ్ళి, పట్టుకెళ్ళింది పట్టుకెళ్ళినట్టే వెనక్కి తెచ్చేవాడు. "ఆ గుంటడు ఏటీ తింట్లేదండి మేడంగారు. ఇలగైతే ఆడు మన సేతిలో పోతాడండి" అన్నాడు ఒకరోజు. మేడం లేచి లాడ్జికి బయల్దేరారు. నేనూ వెంట వెళ్ళాను. మంచం పక్కన కుర్చీ వేసుకుని ఆవిడ ఫోన్లో ఒకటే ప్రశ్న అడిగారు, మీ ఇంట్లో ఇవాళ ఏం వండి ఉంటారు అని. అతను చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత అమ్మకి ఫోన్ చేసి, తిప్పి మేడం చేతికిచ్చాడు. తెర మీద ఒక లావుపాటి పెద్దావిడ. వెనక పొయ్యి మీద మూకుడు. ఆవిడ ఆ మూకుడు దగ్గరికి ఫోన్ తీసుకెళ్ళి చూపించింది.

మేడం మర్నాడు మేకమాంసం ఖైమాతో అలాంటిదే ఇంట్లో వండి పంపారు. అతను మర్యాదకి రెండు చెంచాలు తిన్నాడు. గిన్నె చూసి మేడం, "మేక వాసన పడలేదు వాడికి. పెద్దకూరే కావాలి" అన్నారు. ఆవిడ ఇంట్లో చేపా మాంసమూ వండుతారు గానీ పెద్దకూర గుమ్మం తొక్కదు. మా ఇంట్లోనూ అంతే. యేసుపాదం తల గోక్కుని, "మీ ఇంటికాడ ఎందుకండి? మా ఆడది వండుద్ది కదండి. మా ఇంటికాడ వండేద్దారి" అన్నాడు.

"వండుతుంది గానీ యేసుపాదం, తను మీ రుచిలో వండుతుంది. వాళ్ళమ్మ చెప్పినట్టు వండాలి. నేనూ వస్తాను" అన్నారు మేడం.

మల్కాపురంలో కొండ కింద రెండు గదుల రేకుల ఇల్లు వాళ్ళది. మేము పొద్దున్నే వెళ్ళాం. మెక్సికోలో వాళ్ళకి అప్పుడు రాత్రి భోజనాల వేళ. యేసుపాదం మాంసం కొట్టించి తెచ్చి పెట్టి, ఎర్నెస్టోని తీసుకురావడానికి కారేసుకుని వెళ్ళాడు. అతని భార్య సువార్తమ్మ పొయ్యి ముందు కూర్చుంది. బియ్యం డబ్బాకి ఫోన్ ఆనించి పెట్టాను. తెర మీద ఎర్నెస్టో అమ్మ. మాటలు ఎవరివీ ఎవరికీ తెలియవు. మేడం కింద పీట మీద కూర్చుని బంగాళాదుంప కోసి ముక్క తెరకి చూపించారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మేడం ఇంకా చిన్నది కోశారు. మళ్ళీ ఊపింది. చివరికి ఆవిడ తన చిటికెన వేలి గోరు చూపించింది. "అంతన్నమాట" అని మేడం మొదటి నుంచీ మొత్తం మళ్ళీ తరిగారు. సువార్తమ్మ అలవాటుగా పసుపు డబ్బా అందుకునేసరికి ఫోన్లోంచి పెద్ద కేక. సువార్తమ్మ అదిరిపడి డబ్బా కింద పెట్టేసి, పమిట అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేకపోయింది. అటు ఆవిడా నవ్వింది. మేడం మాత్రం నవ్వకుండా జీలకర్ర నలుపుతున్నారు.

కూర ఉడికింది. ఇక ఉప్పు చూడాలి. మేడం గరిటె సువార్తమ్మకిచ్చారు.

"నాను సూడనండి. శుక్రోరం కదండి, ఉపవాస ప్రార్థన" అంది ఆవిడ.

ఇల్లంతా చూస్తే మిగిలింది నేను. మేడం నా వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నారు. "నేను తినను. నిన్ను తినమనను. ఉప్పు కాస్త తక్కువే ఉంటే వాడే పైన వేసుకుంటాడులే" అన్నారు. అందులో దెప్పు లేదు, మొహమాటపెట్టడమూ లేదు. ఫోన్లో ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. గరిటె నేనే తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ఇప్పటికీ సరిగ్గా తెలీదు. అంతసేపు ముగ్గురు ఆడవాళ్ళు పడ్డ తిప్పలు చూశాక, ఉప్పు దగ్గర వదిలేయడం నాకు బాగోలేదేమో. అరచేతిలో వేసుకుని నాకాను. "సాల్లేదండి" అన్నాను. మేడం ఇంకొంచెం వేశారు.

ఎర్నెస్టో గోడ పట్టుకుని నడుస్తూ వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, సువార్తమ్మ చేసిన చపాతీలు, కూర పెట్టారు. ఒక ముద్ద తిని ఆగాడు. తర్వాత సువార్తమ్మ వెనక బుట్టలో ఉన్న పచ్చిమిరపకాయలు చూపించి ఒకటి ఇమ్మన్నాడు. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. దాన్ని మనవాళ్ళకంటే తేలిగ్గా కొరుక్కుని, పళ్ళెం ఖాళీ చేసి, మళ్ళీ పెట్టించుకున్నాడు. తిన్నాక ఎర్నెస్టో యేసుపాదం మంచం మీద పడి మధ్యాహ్నం దాకా నిద్రపోయాడు. అటు తెర మీద వాళ్ళమ్మ అలా చూస్తూ కూర్చుంది. మేడం ఫోన్ ఆపలేదు. ఆ తర్వాత అతను వెళ్ళేదాకా సువార్తమ్మే వండింది. మనిషి తేరుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

యేసుపాదానికి అది గర్వంగా ఉండేది. "మా అప్పలరాజు బాబు మా ఇంట్లో ఉప్పు సూసేడు" అని పోర్టు గేటు దగ్గర అందరికీ చెప్పాడు. ఆ మాట అటు తిరిగి ఇటు తిరిగి స్టీలు ప్లాంటులో పనిచేసే మా బావ చెవిన పడింది. బావ అంటే మా ఆవిడ గౌరికి అన్న. ఆదివారం ఇంటికొస్తున్నాను, మాట్లాడాలి అని కబురు పెట్టాడు. విషయం నాకు అర్థమైంది. శనివారం మేడం గదిలోకి వెళ్ళి, "లేదని సెప్పేత్తే గొడవుండదు కదండి?" అన్నాను.

ఆవిడ చేతిలో పని ఆపలేదు. "చెప్పెయ్. నీ నోరు, నీ ఇల్లు. అయితే ఆ అబద్ధం యేసుపాదం పక్కన నిలబడి ఉండగా కూడా ఆడగలవేమో ఒకసారి చూసుకో" అన్నారు. అంతే. నేను వచ్చేశాను.

బావ కూర్చోకుండానే అడిగాడు. "ఏటి బావా, పెద్దకూర తిన్నావంటగా? జనం అంతన్నారు. అబద్ధమని సెప్పు, ఆళ్ళ సంగతి నాను సూసుకుంటాను."

"తిన్నాను బావా. ఒక గుంటడికి వండితే ఉప్పు సూసేను."

అతను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. గౌరి పెట్టిన భోజనం ముట్టలేదు. రెండు పండగలకి మా గుమ్మం ఎక్కలేదు. ఆ సాయంత్రం గౌరి బట్టలు మడతపెడుతూ, "తిన్నందుక్కాదు. మా అన్న నోటంట యినాల్సొచ్చింది నాకు. నువ్వు సెప్పకూడదా?" అంది. మడతపెట్టిన బట్టలు అందుకుని బీరువాలో పెట్టాను. తను చివరి బట్ట మడతేసి, "ఇంతకీ సరిపోయిందా ఉప్పు?" అని అడిగింది. తర్వాతెప్పుడో, ఆ రుచి మరవలేక ఆ కూర ఇంట్లో వండుకుంటానంటే, వంటింటి వెనక ఆ ఒంటి పొయ్యి తనే పెట్టించింది. వండుకో గానీ నా పొయ్యి మీద వద్దంది. తను తినదు. నేను వండేటప్పుడు తలుపు మాత్రం వెయ్యదు.

మేడం ఇంట్లో ఏం జరిగిందో నాకు చాలాకాలం తెలియదు. వాళ్ళ ఆడపడుచు వాళ్ళతోనే ఉండేది, నిష్ఠలు ఎక్కువ. మల్కాపురంలో వండిన రోజు సాయంత్రమే మేడం ఇంటికెళ్ళి, పెద్దకూర వండానని ఎవరూ అడక్కుండానే చెప్పేశారట. ఆడపడుచు కొన్నాళ్ళు మేడంని వంటింట్లోకి రానివ్వలేదు. ఎప్పుడో ఈ సంగతి చెబుతూ మేడం, "హాయిగా ఉందయ్యా ఆ నాలుగు రోజులూ. మళ్ళీ ఎప్పుడు రానిచ్చిందో అప్పట్నుంచే కష్టాలు" అన్నారు. ఆవిడ హాస్యమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

రిటైరయ్యాక మేడం తునిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. ఒకసారి కళ్ళజోడు కోసం వచ్చి ద్వారకా నగర్‌లో కనబడ్డారు. బాగా చిక్కిపోయారు. నడిరోడ్డు మీద ఏం మాట్లాడాలో తెలియక, "ఎర్నెస్టో గుర్తున్నాడా మేడం?" అన్నాను. ఆవిడ నుదురు చిట్లించారు.

"ఎవరు?"

"మెక్సికో కుర్రాడండి. మల్కాపురంలో వండేం కదండి."

"ఆ, అపెండిక్సా!" అన్నారు. అతని గురించి ఇంకేమీ అడగలేదు. "సువార్తమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? పీట మీద కూర్చోవద్దని చెప్పు. గట్టు కట్టించి నిలబడి వండుకోమను" అన్నారు. బస్సు టైమైందని వెళ్ళిపోయారు. తర్వాత ఏడాది తిరక్కుండా పోయారని ఫోన్ వచ్చింది. ఆ రోజు రేవులో రెండు ఓడలున్నాయి. నేను వెళ్ళలేకపోయాను.

నా జీవితాన్ని కాస్త అటూ ఇటూ చేసిన రోజు ఆవిడకి ఒక పనిరోజు. మొదట్లో అది నాకు కొంచెం కష్టంగా తోచింది, ఇప్పుడు అదే సరిగ్గా ఉందనిపిస్తోంది. ఇప్పుడు ఆవిడ కూర్చున్న చోట నేను కూర్చుంటున్నాను. జబ్బుపడ్డవాడు తినడం లేదని ఎవరైనా వచ్చి చెబితే, నేనే వెళ్ళి కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మీ ఇంట్లో ఇవాళ ఏం వండి ఉంటారని అడుగుతాను. చాలామంది వెంటనే చెప్పరు. ఆగితే చెబుతారు.

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు గొంతు తగ్గించి, "సార్, మీరు పెద్దకూర తింటారంట కదా, నిజమేనా?" అని అడిగాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. యేసుపాదం పని మానేసి చాలాకాలమైంది, వినడానికి అక్కడ లేడు. "తింటాను" అన్నాను. కుర్రాడు నా మొహం కేసి ఒక క్షణం చూసి, పెరుగు గిన్నె నా వైపు జరిపాడు.