మిషనత్త దగ్గరి తాళంచెవులు

మా కాలనీ షాపింగ్ సెంటరు వరండాలో దీపాలు వేయించింది నేను. అలల్లా వంపులు తిరిగిన ఆ కాంక్రీటు కప్పు కారుతుంటే బాగుచేయించింది నేను. పల్లెటూరి బడిలో ఐదు తరగతులే చదివినా, పదహారేళ్లు దుకాణదారుల సంఘానికి అధ్యక్షుణ్ని. నా దస్తూరి ముత్యాలు పేర్చినట్టుంటుందని పంతులుగారు అనేవారు. ఆ దస్తూరితోనే మిషనత్తకు అన్యాయం చేశాను.

సెంటరు కట్టిన ఏడాదే ఆమె గుండ్రటి మెట్ల కింద కుట్టుమిషను వేసుకుంది. నాకంటే చిన్నదే అయినా నాకూ అత్తే. పనులకు వెళ్లేవాళ్లంతా ఇంటి తాళంచెవి ఆమెకిచ్చి వెళ్లేవారు. బడి నుంచి వచ్చే పిల్లలు, చెప్పకుండా దిగే చుట్టాలు అక్కడే అడిగి తీసుకునేవారు. గోడకు నలభై మేకులు, ఒక్కో తాళంచెవికి ఒక్కో రంగు దారం. ఏది ఎవరిదో ఆమెకే తెలుసు.

"ఇదేం పద్ధతత్తా? రేపు నువ్వు మంచాన పడితే?"

"పడితే వచ్చి లేపండి పెద్దాయనా. వాటి జోలికి మాత్రం రాకండి."

నేను వింటేనా! ఏ తాళంచెవి ఎవరిదో ఆమె చేత చెప్పించి, అట్టముక్కల మీద ఇంటి నంబర్లు రాసి కట్టాను.

"దొంగకి దారి చూపినట్టు కాదుటండీ?"

"నీకేం తెలుసు, ఊరుకో."

చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే. నెల తిరక్కుండానే, ఆమె ఎవరికో కొలతలు తీస్తుండగా ఒకడు తాళంచెవి కాజేసి, నంబరు చూసుకుని, నేరుగా మా కాలనీలోని నర్సమ్మ ఇంటికెళ్లి గాజులు ఎత్తుకుపోయాడు.

వరండాలో అందరూ చేరారు. "నీ దగ్గరుంటే నా కొంగున కట్టుకున్నట్టే అనుకున్నానే!" అని నర్సమ్మ ఏడ్చింది. మిషనత్త నావైపు ఒక్కసారి చూసింది. నేనేం చేశానో తెలుసా? "ఇకమీదట జాగ్రత్తగా ఉండు" అని ఆమెకే బుద్ధులు చెప్పాను. తలచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

మర్నాడు కుట్టుపని ఆపి, ఇంటింటికీ తిరిగి తాళంచెవులన్నీ ఇచ్చేసింది. చివరికి మా గుమ్మంలోకి వచ్చింది.

"ఆ నంబరు చీటీలు నావని ఎందుకు చెప్పలేదత్తా?"

"మీ రాత అందరూ ఎరిగిందేగా. చెప్పాల్సింది నేనాండీ?"

రెండేళ్లు గడిచాయి. బడి పిల్లలు పెద్దవాళ్లు వచ్చేదాకా సంచులతో ఆ మెట్ల మీదే కూర్చుంటున్నారు. నిన్న నర్సమ్మ ఇంటికెళ్లి తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

"నాకు తెలుసన్నయ్యగారూ. నాతో అంటే ఏం లాభం? ఆమె మాట పడింది నలుగురిలో."

సెంటరుకు వెళ్లాను. పాల బూత్ దగ్గర జనం ఉన్నారు. మిషనత్త తలెత్తకుండా కుడుతోంది. చేతికర్రతో మెట్టు మీద కొట్టి, అందరూ తిరిగి చూశాక, జరిగిందంతా మొదటినుంచీ చెప్పాను. మిషను ఆగలేదు.