పరుపులోని తలలు

మనిషి మొహం లేని నాణెం తిజానీ దృష్టిలో నాణెమే కాదు. ఓడ బొమ్మలు, గుర్రం బొమ్మలు, గుడి బొమ్మలు మాత్రమే ఉన్నవి దొరికితే వీధిలో పిల్లలకు ఆడుకోమని పడేసేవాడు. మెడ నుంచి పైకి మనిషి ఉండాలి. ముక్కు ఉండాలి, గడ్డం ఉండాలి, చూపు పక్కకు తిరిగి ఉండాలి. అలాంటివాటిని అతను ‘తలలు’ అనేవాడు. “నిన్న మంచి తల ఒకటి దొరికింది” అని కాఫీ కొట్టులో అంటే ఊరికి కొత్తవాళ్ళు ఉలిక్కిపడేవారు, పాతవాళ్ళు సిగరెట్టు వెలిగించుకుని మొహం తిప్పుకునేవారు.

మా ఊరు ఎల్ జెమ్‌లో ట్రాక్టర్లు బాగుచేసే కొట్టు అతనిది. ఊరి నడుమ రోమన్లు కట్టిన ఎత్తైన గుండ్రటి గోడలు, ఊరి చుట్టూ ఆలివ్ తోటలు. ఆ తోటల్లో నాగలి దించితే చాలు, ఏదో ఒకటి పైకి వస్తుంది. ట్రాక్టరు తోలుకొచ్చిన రైతుని తిజానీ ముందు అడిగేది ఇంజను గురించి కాదు, జేబు గురించి. జేబులో ఏదైనా ఉన్నవాడి బండి ఆ సాయంత్రానికే సిద్ధం. ఉత్త చేతులతో వచ్చినవాడి బండి కొట్టు ముందు ఎండకు ఎండుతూ ఉండేది, విత్తే అదను దాటిపోయినా సరే.

“అరిగిపోయిన కంచుముక్క ఇది, లజ్హర్. మొహం చూడు, అచ్చం నీ గాడిదలా లేదూ? పోనీలే, ఎంతైనా ఇరుగుపొరుగువాళ్ళం. ట్యూబు మార్చినందుకు ఏమీ ఇవ్వకు” అనేవాడు. లజ్హర్ అనే ఆ రైతు సంతోషంగా బండెక్కి పోయేవాడు. అతను మలుపు తిరగ్గానే తిజానీ తలుపు మూసుకుని ఆ గాడిద మొహాన్ని ముద్దు పెట్టుకునేవాడు.

పెళ్ళాం రెండో ఏడు తిరక్కుండానే పుట్టింటికి పోయింది. ఆమె వండి పెట్టింది చల్లారిపోతూ ఉంటే ఇతగాడు ఎదురుగా కూర్చుని ఎప్పుడో చచ్చిన రాజుగారి చెవిలో మట్టి తీస్తూ ఉండేవాడట. ఇక ఇంట్లో మిగిలింది తల్లి ముబార్కా ఒక్కతే. కళ్ళకు పొరలు కమ్మి చూపు పోయింది. అయినా చేతులతో తడుముకుంటూ పిండి కలిపేది, రొట్టె కాల్చేది, కొడుకు చొక్కాకు గుండీ కుట్టేది. ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అన్న మనిషి కాదు.

తిజానీ మనసారా నవ్వగా ఆమె విన్నది ఒక్కరోజే. ఏళ్ళ తరబడి వెతికిన తల ఆ రోజు అతని చేతికి చిక్కింది. పరుగున ఇంటికొచ్చి, పిండి అంటిన ఆమె చేతిని తుడిచి, అరచేతిలో ఒక వెండి నాణెం పెట్టాడు.

“చెప్పమ్మా, ఎవరో చెప్పు చూద్దాం.”

“నాకేం తెలుస్తుంది నాయనా. మనిషైతే ముసలాడే. బుగ్గలు లోపలికి పోయాయి.”

“అబ్బ, నీ వేళ్ళకున్న తెలివి మ్యూజియం వాళ్ళకు లేదే! గోర్డియన్. ఎనభయ్యేళ్ళ ముసలాడు. మన ఊళ్ళోనే, ఈ మట్టి మీదే, వద్దు మొర్రో అంటున్నా పట్టుకుని రాజును చేశారు. నిండా నెల కూడా ఏలలేదు. అందుకే వీడి తల ఎవడికీ దొరకదు.”

“ముక్కు మీ నాన్న ముక్కులాగే ఉందిరా. నెల కూడా ఏలలేదా పాపం! వాళ్ళమ్మ ఎంత ఏడ్చిందో.”

“ఎనభయ్యేళ్ళవాడికి అమ్మెక్కడిదే!” అని తిజానీ కడుపు పట్టుకుని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నాణెం అంచు ఒకచోట చిట్లి ఉండటం ఆమె బొటనవేలు గుర్తు పెట్టుకుంది.

ఆ తరువాతి సంవత్సరం రెండు సంగతులు జరిగాయి. పాతవస్తువులు ఇళ్ళలో దాచుకోవడం మీద సర్కారు విరుచుకుపడింది. పక్కవీధి బడిపంతులుగారి ఇల్లు సోదా చేసి, ఆయన పెట్టెలన్నీ ఎత్తుకుపోయి, ఆయన్నీ తీసుకుపోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ముబార్కా పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మంచం పట్టింది. ఊరంతా అయ్యో అంది. తిజానీకి మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది. మంచాన పడ్డ ముసలిదాన్ని కదిపి, ఆమె పడుకున్న పరుపు చింపే మగాడు ఈ దేశంలో లేడు. తల్లిని పక్కకు దొర్లించి, ఆ ఉన్ని పరుపు విప్పి, చిన్న చిన్న గుడ్డ సంచుల్లో తలలన్నీ లోపల పేర్చి మళ్ళీ కుట్టేశాడు. ఉన్ని దులిపానని ఆమెతో చెప్పాడు.

ఈ ఇంటికీ సోదాకు రానే వచ్చారు. గోడలు కొట్టి చూశారు, నూనె జాడీల్లో కర్ర పెట్టి తిప్పారు. ముసలామె మూలుగు విని మంచం దగ్గరికి మాత్రం రాలేదు. వాళ్ళలో పెద్దవాడు “మమ్మల్ని క్షమించమ్మా” అని ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి మరీ వెళ్ళాడు.

తిజానీకి సంతోషం పట్టలేదు. నోరు ఊరుకోలేదు. “రోమ్ రాజులంతా నీ నడుం కింద పడుకుని ఉన్నారమ్మా! వెధవలకు వాసన కూడా తగల్లేదు” అన్నాడు.

ముబార్కా మొహం పాలిపోయింది. “మొహాలున్న బొమ్మలు నా కింద పెట్టావా? ఒరేయ్, నేను పోయే దాన్నిరా. ప్రాణం తీసేవాడు ఎలాగూ వస్తాడు. దయ చూపించే దేవదూతలు మొహాలున్న చోటికి రారు, గుమ్మంలోనే ఆగిపోతారు. నన్ను ఒంటరిగా పంపిస్తావా నాయనా? తీసెయ్యరా, నీ కాళ్ళు పట్టుకుంటా.”

“సరేలేవే, తీసేస్తాలే” అన్నాడు. మర్నాడు అడిగితే తీసేశానన్నాడు. ఆమె నమ్మలేదు. తండ్రి సమాధి మీద ఒట్టు వెయ్యమంది. వేశాడు. ఒట్టు వేస్తున్నంతసేపూ రొట్టె నములుతూనే ఉన్నాడు.

కన్నతల్లి కదా, ఒక్క పెట్టె కొని ఎక్కడైనా పాతిపెట్టుకోవచ్చు కదా అంటారేమో. తడి తగిలితే తలలకు పచ్చ చిలుము పడుతుంది. తల్లి కింద అయితే వెచ్చగా, పొడిగా ఉంటాయి. అతని లెక్క అది.

ముబార్కాకు అన్నం పెట్టేది, ఒళ్ళు తుడిచేది పక్కింటి సాస్సియా. వీధిలో ఆడవాళ్ళు ఎవరు పోయినా చివరి స్నానం చేయించేది కూడా ఆమే. ఒకనాడు మధ్యాహ్నం భోజనానికి వచ్చిన తిజానీని ఆమె రెక్క పట్టుకుని లాక్కొచ్చి, ముసలామెను పక్కకు తిప్పి చూపించింది. తుంటి పైన పుండు పడింది. గీసినట్టు గుండ్రంగా ఉంది.

“చూడు. మంచాన పడ్డవాళ్ళను ఎంతమందిని చూశాను, ఇంత గుండ్రటి పుండు ఎక్కడా చూళ్ళేదు. ఏం పెట్టావయ్యా ఇందులో?”

తిజానీ వంగి చూశాడు. ఆ వెడల్పు చూడగానే అది ఏ కాసో, ఎవరి తలో అతనికి తెలిసిపోయింది. పుండు రసి లోపలికి దిగితే ఆ మొహం ఏం కావాలి? అప్పటికప్పుడు తల్లిని చాప మీదికి దించి, పరుపు కాళ్ళ వైపు తలవైపుకు వచ్చేలా తిప్పి వేశాడు. మళ్ళీ ఆమెను ఎత్తి పడుకోబెట్టేటప్పుడు ఆమె అరిచిన అరుపు వీధి చివరికి వినబడింది. “ఇక ఏం ఫరవాలేదు” అన్నాడు. ఎవరికి ఫరవాలేదో సాస్సియాకు అర్థమైంది.

ఇలాంటివాణ్ణి ఊరు వెలివెయ్యాలి. మా ఊరు ఏమీ అనలేదు. ట్రాక్టరు చెడితే మళ్ళీ అతని దగ్గరికే పోవాలి మరి.

ఆ చలికాలంలో తిజానీ ఎప్పుడు ఇంటికొచ్చినా గరగరమని చప్పుడు వినబడేది. ముబార్కా స్నానం చేసేటప్పుడు కాళ్ళు రుద్దుకునే గరుకురాయి సాస్సియా చేత తెప్పించుకుంది. కొడుకు అడుగుల చప్పుడు కాగానే చేతులు దుప్పటి కిందికి పోయేవి.

“నడవని కాళ్ళకు మడమలు రుద్దడం ఎందుకే? పెళ్ళికూతురివా?” అని వేళాకోళం చేసేవాడు.

“శుభ్రంగా పోవాలి కదా నాయనా” అనేది.

దుప్పటి మీద సన్నటి పొడి ఉండేది. పచ్చగా, బూడిదరంగుగా ఉండేది. తిజానీ దాన్ని చూశాడు కాని, తల్లి మడమల మీది మురికి అనుకున్నాడు. రోజూ పరుపు అంచు మాత్రం చేత్తో నొక్కి చూసుకునేవాడు. గుండ్రంగా, గట్టిగా తగిలేవి. అంతే చాలు అనుకునేవాడు. ఆమె వేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టి ఉండటం గురించి ఒక్కసారీ అడగలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దుటిపూట ముబార్కా పోయింది. కబురందుకుని తిజానీ వచ్చేసరికి ఆడవాళ్ళు ఆమెను స్నానపు బల్ల మీదికి మార్చి, గది తలుపు మూసేశారు. మగవాళ్ళు వీధిలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. తిజానీ వాళ్ళ మధ్య కూర్చోలేదు. ఖాళీ అయిన పరుపును చుట్టి భుజాన వేసుకుని వెనకగదిలోకి పోయాడు. ఏడవడానికి పోయాడనుకుని జనం జాలిపడ్డారు.

గోడ వైపు కుట్టు ముందే విప్పి ఉంది. పెద్ద పెద్ద పోగులతో, ఎవరో తొందరగా మళ్ళీ కలిపి కుట్టారు. అతను చాకుతో కోసి, మొదటి సంచి అరచేతిలో గుమ్మరించాడు. మొహం లేదు. రెండోది గుమ్మరించాడు. లేదు. చక్రవర్తులు, వాళ్ళ పెళ్ళాలు, దత్తపుత్రులు, ఒక్కరికీ ముక్కూ కన్నూ మిగల్లేదు. చొక్కా గుండీల్లా నున్నగా ఉన్నాయి. వెనక్కి తిప్పి చూస్తే ఓడలు, గుర్రాలు, గుళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి జోలికి ఆమె పోలేదు. వాటితో ఆమెకు పేచీ లేదు.

తిజానీ ఒక్కొక్కదాన్నీ వేలితో తడిమి చూశాడు. కాసేపటికి అతనికి ఒకటి తట్టింది. ముసలి గోర్డియన్ ఆ కుప్పలో లేడు. ఉన్నినంతా చీల్చి గదంతా చల్లాడు. లేడు.

ఒక్క తన్నుతో స్నానపు గది తలుపు తీశాడు. ఆడవాళ్ళు కెవ్వుమని శవం మీద దుప్పటి కప్పారు.

“తల్లి స్నానం కొడుకు చూడకూడదు, నీకేమైనా మతి ఉందా? బయటికి నడు!” అని సాస్సియా అడ్డం నిలబడింది.

అతను ఆమెను చూడటం లేదు. దుప్పటి అంచు దాటి తల్లి కుడిచెయ్యి బయట ఉంది. పిడికిలి బిగించి ఉంది. ఎడంచెయ్యి మామూలుగా తెరిచే ఉంది.

“ఆ పిడికిట్లో ఏముంది?”

“ఉండవయ్యా. వేణ్ణీళ్ళు పోస్తున్నాను, అదే వదులవుతుంది. నిమిషం ఆగు.”

నిమిషం ఆగితే ఏం పోయేది? అతను ఆగలేదు. సాస్సియాను తోసి, ఆ పిడికిలి పట్టుకుని, ట్రాక్టరు బోల్టు విప్పేవాడి చేతులు కదా, ఆ బలమంతా వేశాడు. ఎండుపుల్ల విరిగినట్టు టక్కుమంది. ఇంకోసారి టక్కుమంది. బిందె పట్టుకున్న ఆడమనిషి బిందె వదిలేసింది.

నాణెం అతని చేతిలోకి వచ్చింది. కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో చూశాడు. చిట్లిన అంచు, లోపలికి పోయిన బుగ్గలు, పొడుగాటి ముక్కు. ముసలాడు పక్కకు చూస్తున్నాడు.

సాస్సియా మెల్లగా చెప్పింది. “నిన్న నాతో అంది. ‘వీడొక్కణ్ణి రుద్దలేదే. అన్నీ పోతే పిల్లాడు ఏడుస్తాడు. వీడి మొహం నా అరచేతిలో మూసిపెట్టుకుంటాను, వచ్చే దేవదూతలకు కనబడదు. స్నానం చేయించేటప్పుడు తీసి వాడికివ్వు’ అంది. నీకిద్దామనే కదయ్యా నీళ్ళు కాచింది.”

తిజానీ నాణేన్ని వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకు తిప్పాడు. చొక్కా అంచుతో తుడిచాడు. అతని మొహంలోకి నెత్తురు వచ్చింది.

“ముక్కు మీద గీత కూడా పడలేదు” అన్నాడు.

సాస్సియా శవానికి చుట్టే కఫన్ గుడ్డ అంచు నుంచి సన్నటి పీలిక చింపి, వేలాడుతున్న రెండు వేళ్ళనూ కలిపి కట్టింది. ఆ కట్టుతోనే ముబార్కాను మధ్యాహ్నం నమాజు తరువాత పూడ్చారు.