నాగబాబు తాళాల గుత్తి, శౌరమ్మ బాతులు

కంకిపాడు దగ్గర కౌలుకు తీసుకున్న రెండెకరాల వరిచేలోకి శౌరమ్మ బాతుల్ని వదిలిన రోజు ఊరంతా నవ్వింది. నవ్వనీ. నవ్విన నాపచేనే పండుతుందని ఆమె ధీమా. బాతులు కలుపునీ పురుగునీ మేసి, ఎరువు చేలోనే వేస్తాయి. గట్టు మీది అవిశాకు గేదెకు, గేదె పేడ చేనుకు. గుడ్లు కూరానారకు, పాలు పిల్లల ఫీజులకు, వడ్లు కౌలుకు. ఒకటి చతికిలబడితే ఇంకొకటి ఆదుకుంటుందని ఆమె లెక్క.

ఆ లెక్క చేను ఆసామి నాగబాబుకు ఎవరూ చెప్పలేదు. చేను బాతుల దొడ్డయిందన్న కబురు మాత్రం ఆటోనగర్‌లోని ఆయన లారీ షెడ్డుదాకా మోసుకెళ్ళారు. ఆయన కారు దిగుతూనే, "వచ్చే ఏడు చేను వేరేవాళ్ళకిస్తున్నా శౌరమ్మా," అన్నాడు.

శౌరమ్మ లెక్కంతా తారుమారైంది. చేను పోతే గడ్డి పోతుంది, గడ్డి పోతే గేదె పోతుంది.

"ఒక్కసారి చేలోకి దిగి చూడండి బాబుగారూ. చేను పొట్టకు రాకముందే వీటిని తీసేస్తానండి. గింజ ముట్టుకోవు."

"చూసేదేముంది? తొక్కి పారేసుంటాయి."

నాగబాబుకు ఇనుము కనిపిస్తే తట్టి చూడందే చెయ్యి ఊరుకోదు. మాట్లాడుతూనే గట్టు మీది ఖాళీ డ్రమ్మును తాళాల గుత్తితో టంగుటంగుమని మోగించాడు.

"అది కొట్టకండి," అంది శౌరమ్మ. అప్పటికే ఆలస్యమైపోయింది. రోజూ తవుడు పెట్టేముందు ఆమె మోగించేది ఆ డ్రమ్మునే.

చేనంతా కదిలింది. బాతులు ఒకదాన్నొకటి తోసుకుంటూ గట్టెక్కి ఆయన్ని చుట్టేశాయి. వెనక్కి జరగబోయి నాగబాబు తెల్లప్యాంటుతో సహా బురదలో కూలబడ్డాడు. లేవడానికి ఓ వరిదుబ్బు పట్టుకున్నాడు. అది ఊడిరాలేదు. పిడికిలికి పట్టనన్ని పిలకలు. చుట్టూ చూస్తే కలుపు మొక్కన్నది లేదు.

శౌరమ్మకు భయంతోపాటు నవ్వూ తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"డీజిలు లేకుండా నడిచే కలుపు మిషనన్నమాట," అన్నాడాయన, బురదలోంచి లేవకుండానే. ఓ బాతు ఆయన బూటు లేసు లాగుతోంది. "పక్కనున్న నా ఎకరం కౌలుదారు మానేస్తున్నాడు. అదీ నువ్వే చెయ్యి. ముందు వీటికి తవుడెయ్యి, నన్ను మేసేట్టున్నాయి."

ఆ ఎకరానికి ఇంకెన్ని బాతులు కావాలోనని ఆలోచిస్తూ శౌరమ్మ పరుగెత్తింది. పట్టరాని సంతోషంతో, నవ్వాపుకోలేక, సగం తవుడు దారిలోనే ఒలకబోసింది.