మోకాలి దాకా మంచు

వరి కోతలు అయిపోగానే మా ఆయన ఇసాకు, కర్ర పట్టుకుని రెల్లు పొదల్లో పడేవారు. గొల్లభామ గుడ్ల కోసం. ముందు కాళ్లు ముడుచుకుని దండం పెడుతున్నట్టుండే ఆ పురుగుకి, రాబోయే మంచు ఎంత ఎత్తు పేరుకుంటుందో ముందే తెలుస్తుందనీ, దానికి కాస్త పైన కొమ్మకి గుడ్లు అంటిస్తుందనీ మా నీగాతా కొండల్లో పాతకాలపు నమ్మకం. సాయంత్రం ఆయన కోటుకి అంటుకున్న ముళ్లకాయలు ఏరడం నా వంతు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఏరుతూనే ఉన్నాను.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గుడ్లు పొడగరి అయిన ఆయనకే తలెత్తితే గాని కనబడేవి కావు. చలికాలమంతా మేడమీది కిటికీలోంచే బయటికి రాకపోకలు. రాను రాను అవి నడుము ఎత్తుకి దిగాయి. మంచు పడాల్సిన జనవరిలో వానలు మొదలయ్యాయి. మా ఊరికున్న ఒక్క స్కీ వాలూ, జనాన్ని తీగ మీద కుర్చీల్లో పైకి చేర్చే దాని ఒక్క లిఫ్టూ ఖాళీగా తడుస్తూ ఉండేవి. ఊరి పిల్లలందరికీ అక్కడ స్కీ నేర్పింది మా ఆయనే. ఆ వాలు కోసం వచ్చేవాళ్లే మా సత్రంలో దిగేవాళ్లు.

ఒక ఏడు కోతలయ్యాక ఊరంతా కూర్చుని తేల్చుకోవాల్సి వచ్చింది: ఇంకో చలికాలం తెరవడమా, లిఫ్టు పీకేయడమా. ఊరి పెద్ద తొరాజో అందరికీ బియ్యపు సారా, సాకే, పోసి మా ఆయన వైపు తిరిగాడు.

"ఇసాకన్నా, ఈసారి నీ పురుగు ఏమంటోంది?"

"మోకాలి దాకా."

ఆ మాత్రం మంచు స్కీకి చాలదు. తొరాజో గ్లాసు కింద పెట్టాడు.

"ఎవరి మోకాలు? నీదా, నాదా?"

"నాదే. నీ ఒంటి మీదైతే నడుము దాకా వస్తుందిలే, సంతోషించు."

ఇన్నేళ్లూ పురుగు జోస్యమని ఎగతాళి చేసినవాళ్లే మర్నాడు పొదల్లో పడ్డారు. చివరికి లిఫ్టు గది చూరు కింద ఒక గుడ్ల ముద్ద కనబడింది. మా ఆయన్ని లాక్కెళ్లారు.

"చూడన్నా, తలకంటే పైన. ఇదీ గొల్లభామదేగా?" అన్నాడు తొరాజో.

"దానిదే. కానీ అది గోడరా. వానకి తడవకుండా పెట్టుకుంది. మంచు సంగతి దానికేం తెలుసు?"

"మరి ఇన్నాళ్లూ తెలుసు తెలుసనేగా మా ప్రాణాలు తీశావు?"

ఆయన అవునంటే చాలు, తెరుద్దామని చేతులెత్తడానికి అందరూ సిద్ధం. అయినా అనలేదు.

ఇంటికొచ్చాక నేను పట్టుకున్నాను.

"ఒక్కసారి అవునంటే మీ నోరు అరిగిపోతుందా?"

"తెరుస్తారు. పిల్లలు స్కీలు మోసుకొచ్చి బురదలో నిలబడతారు. నిరుడు చూశాను ఆ మొహాలు. మళ్లీ చూడలేను."

"తెరవకపోతే ఆ మొహాలు అసలే కనబడవు."

"టీ పెడతావా?" అన్నారు. మా తగువులన్నీ ఆయన వైపు నుంచి అలాగే ముగిసేవి.

లిఫ్టు పీకేశారు. తీగలూ కుర్చీలూ లారీలో వెళ్లిపోయాయి. ఆ చలికాలం మంచు ఛాతీ దాకా పడింది.

తొరాజో మా ఇంటి కప్పు మీద మంచు తీస్తూ పారకో తిట్టు తిట్టాడు. ఎదురుగా వాలు మీద మా ఆయన స్కీలు భుజాన వేసుకుని నడిచి ఎక్కడం, జారి దిగడం, మళ్లీ ఎక్కడం. వెనక పిల్లలు రొప్పుతూ. కిందికి వచ్చినప్పుడు తొరాజో కప్పు మీంచే కేకేశాడు.

"ఇప్పుడేమంటావన్నా?"

"ఒక్క ఏడు పడిందిరా. తెరిచి ఉంటే, దీన్ని చూసుకుని ఇంకో పదేళ్లు ఆకాశం వైపు చూస్తూ కూర్చునేవాళ్లం."

నా చేతిలోనూ పార ఉంది. దాన్ని ఆయన మీదికి విసరకుండా ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు.

ఆ వేసవిలో ఆయన పోయారు. అప్పట్నుంచి వచ్చిన ప్రతి చలికాలమూ వానే. ఇసాకన్న చెప్పిందే నిజమని తొరాజో ఈమధ్య నా దగ్గర ఒప్పుకుంటున్నాడు. నేను ఒప్పుకోను. ఒప్పుకోవాలంటే ఆ మనిషి ఎదురుగా ఉండాలి కదా.