అక్క పెట్టమన్న లిస్టు

కళ్ళద్దాల షాపు వెనకగదిలో అద్దాలు అరగదీసే పనిలో అతనికి ఇరవయ్యేళ్ళ అనుభవం. వెంట్రుకవాసి తేడా వచ్చినా పారేసి మళ్ళీ మొదలుపెట్టే రకం. అలాంటివాడు సొంత అక్కను మోసం చేశాడంటే షాపులో ఎవరూ నమ్మరు.

అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఆన్‌లైన్ బేస్‌బాల్ ఆటంటే పిచ్చి. అందులో ఎవరి జట్టుకు వాళ్ళే మేనేజరు. ఏటా ఒకసారి డ్రాఫ్టు: స్కూళ్ళ నుంచి, కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకోవాలి. అట్టడుగున ఉన్న జట్టుది మొదటి వంతు. ఆ ఏడు అడుగున ఉన్నది అక్క జట్టు, దాని పైది తమ్ముడిది.

సరిగ్గా డ్రాఫ్టు వారమే అక్కకు కంటి ఆపరేషన్ అయింది. స్క్రీన్ చూడొద్దన్నారు. మేనేజరు రాకపోతే ముందే పెట్టిన లిస్టు ప్రకారం కంప్యూటరే ఎంచుకుంటుంది.

"ఒరే, నా లిస్టు నువ్వే పెట్టు. ఫస్టు ఆ ఎడంచేతి పిచరే. వాడు బంతి విసిరితే చూడాలిరా! ఏడాదంతా ఓడింది వాడికోసమే అనుకో," అంది అక్క.

తమ్ముడి కన్నూ వాడి మీదే. స్కూలు వయసు పిచర్ల భుజాలు ఎప్పుడు దెబ్బతింటాయో చెప్పలేం, మొదటి వంతులో కాలేజీ బ్యాటర్ని తీసుకోవడమే తెలివి, ఇదంతా అక్క మంచికే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఆమె లిస్టులో బ్యాటర్ని ముందు పెట్టాడు. తన లిస్టు పెట్టేటప్పుడు మాత్రం ఆ భుజాల సంగతి మహానుభావుడికి గుర్తురాలేదు.

పిచర్ అతనికే దక్కాడు.

"కంప్యూటరేదో తికమక చేసిందక్కా," అన్నాడు ఫోన్లో.

"పోనీలేరా, పరాయివాళ్ళకి పోలేదుగా!" అని నవ్వింది. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

నెల తర్వాత అక్క కొత్త కళ్ళద్దాలు తనే చేసి పట్టుకెళ్ళాడు. పెట్టుకోగానే ఆమె ఆట తెరిచింది. పాత లిస్టు అలాగే ఉంది. దాన్ని చెరిపెయ్యాలని అతనికి తట్టనేలేదు.

అక్క చూసింది: మొదటి పేరు బ్యాటర్ది, పిచర్ది ఆ తర్వాత. "అడిగితే వదిలేసేదాన్ని కదరా," అంది.

వదిలేస్తుందని అతనికి తెలుసు. చిన్నప్పటినుంచీ అడిగిందల్లా ఇచ్చిన మనిషి. ఈ ఒక్కటైనా సొంత తెలివితో గెలవాలనుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"వాణ్ణి నీకిచ్చేస్తానక్కా."

"డ్రాఫ్టులో తీసుకున్నవాణ్ణి ఏడాది దాకా మార్చుకోకూడదుగా. ఆడించు."

ఇప్పుడా కుర్రాడు గెలిచినప్పుడల్లా అక్క ఫోన్ చేస్తుంది, "మనవాడు గెలిచాడటగా!" అంటుంది. ఆ ఫోన్ ఎత్తడానికి అతనికి ముఖం చెల్లదు. అయినా ఎత్తుతాడు.