గోడకి అవతలి మనిషి

అక్టోబరులో ఆగ్నేయం నుంచి గాలి తిరిగి, ముసురు పట్టిందంటే స్కాట్లాండ్‌కి ఉత్తరాన షెట్లాండ్‌లో మా చిన్న దీవి మీద పిట్టలు రాలతాయి. నార్వే నుంచి దక్షిణానికి పోయే వలస పిట్టలు దారి తప్పి, అలిసిపోయి, మొదట కనబడ్డ నేల మీద వాలిపోతాయి. ఓస్లా, ఆమె భర్త రాస్మీ ఆ పిట్టల్ని చూడటానికే ఏడాదంతా ఎదురుచూసేవారు. చెట్లు లేని చోట పిట్టలకి రాతిగోడలే దిక్కు. అందుకని గోడకి ఇటు ఆమె, అటు అతను నడిచేవారు. పిట్ట లేవగానే "నీ వైపొస్తోంది!" అని కేకేసుకునేవారు.

రాస్మీ వసంతంలో పోయాడు.

ఆ అక్టోబరు ఉదయం ఓస్లా ఒక్కతే బయల్దేరింది. ఆమె ఇటు నడిస్తే పిట్టలు గోడ దాటి అటు వాలాయి. అటు వెళ్తే ఇటు దూకాయి. రెక్కల చప్పుడే గానీ ఒక్క పిట్టా కంటికి దక్కలేదు. విసుగొచ్చి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. అప్పుడు బొటనవేలంత పిట్ట ఒకటి, నెత్తిన పసుపు గీతతో, వానలో తూలుతూ వచ్చి ఆమె ముంజేతి మీద వాలింది. కోటు ఉన్నిలోకి గోళ్ళు దించి కళ్ళు మూసుకుంది. రాస్మీని పూడ్చిన రోజు అందరూ చేతులు పట్టుకుని ఓదార్చారు. ఆ తర్వాత ఆమెని ఎవరూ తాకలేదు. ఓస్లా ఊపిరి బిగబట్టింది.

"ఏం ఓస్లా, దిష్టిబొమ్మలా ఆ నిలబడటం ఏమిటి?" పొరుగింటి గిబ్బీ దూరం నుంచే కేకేశాడు.

ఆమె చెయ్యి కదపకుండా పిట్టనే చూస్తోంది.

"నిన్నే! నోరు పడిపోయిందా?" కంగారుగా, కుంటుకుంటూ దగ్గరికొచ్చాడు.

"అరిచావంటే చంపేస్తా," పెదవులు కదపకుండా అంది.

గిబ్బీ పిట్టని చూసి టోపీ తీశాడు. "అమ్మ దీని ధైర్యం! ఇంత సముద్రం దాటొచ్చి, దీనికి నీ చెయ్యే దొరికిందా?"

పిట్ట కళ్ళు తెరిచి, గోడ సందులోకి ఎగిరి పురుగులు ఏరుకోసాగింది. ఓస్లా చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంది. గిబ్బీ గొంతు సవరించుకున్నాడు.

"పోనీ, ఇవాళ అటువైపు నేను నడుస్తాలే."

"ఆ మోకాళ్ళతోనా?"

"మోకాళ్ళు నావి. నొప్పి నీకెందుకు?"

నడిచాడు. దగ్గుతూ, రాళ్ళు దొర్లిస్తూ, కనబడిన ప్రతిదానికీ "నీ వైపు పిచ్చుకొస్తోంది!" అని అరుస్తూ. ఉన్న పిట్టలన్నీ బెదిరి లేచిపోయాయి. ఓస్లాకి నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది. గోడ అడ్డం కాబట్టి అతనికి తెలియలేదు.

తన ఇల్లు రాగానే గిబ్బీ ఆగిపోయాడు. "ఇక నా వల్ల కాదు తల్లీ. లోపలికి రా, ఉప్పుమాంసం సూపుంది."

"తిరిగొచ్చేటప్పుడు తాగుతాలే," అంది.

దీవి కొసదాకా ఒంటరిగా వెళ్ళింది. ముసురు విడిపోయింది. పక్కలు ఎర్రగా ఉన్న పిట్టలు గుంపుగా లేచి, సన్నగా పిలుచుకుంటూ సముద్రం మీదికి సాగిపోయాయి. చివరిది కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడింది.

తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది. గిబ్బీ కుర్చీలోనే నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. బల్ల మీద రెండు గిన్నెలున్నాయి. సూపు మీద కొవ్వు పేరుకుపోయింది. లేపుదామని చెయ్యి చాపింది గానీ మనసొప్పలేదు. ఆరిపోతున్న పొయ్యిలో, కట్టెల బదులు కాల్చే పీట్ మట్టిగడ్డలు వేసింది. తన వంతు సూపు చల్లగానే, నిలబడే తాగింది. గిన్నె కడిగి బోర్లించి, చప్పుడు కాకుండా తలుపు వేసి ఇంటికి వెళ్ళిపోయింది.